టీచరమ్మ విష్ణుక్రాంతం

టీచరమ్మ పోయారని నాకు ఫోన్ చేసి చెప్పినవాడు, ఒకప్పుడు ఆవిడ ఇంటి ముందు గదుల్లో కంప్యూటర్ సెంటర్ నడిపిన మనిషి. "సార్, మన అమ్మ పోయింది. రేపు పొద్దుగాల చర్చిల ప్రార్థన పెట్టిన్రు. మీరు రావాలె" అన్నాడు. వెళ్ళాను. అక్కడ ఒక పెద్దాయన కాగితం చూసి ఆవిడ జీవితం చదివాడు. మెదక్ దగ్గర పుట్టడం, మిషన్ బడిలో చదువు, హైదరాబాదు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పడం, పెళ్ళి చేసుకోకుండా చెల్లెళ్ళను చదివించడం. అన్నీ నిజాలే. కానీ ఆ కాగితంలో ఉన్న మనిషి నాకు రోడ్డు మీద ఎదురైతే గుర్తుపట్టేవాణ్ణి కాదు. నాకు తెలిసినావిడ ఎప్పుడూ నేలకేసి వంగి ఉండేవారు. తలలోంచి పిన్ను తీసి, మట్టిలోంచి అక్కరలేని గడ్డిని ఒక్కొక్క పోచా లేపుతుండేవారు. ఆ పిన్నునే చీర అంచుకు తుడుచుకుని మళ్ళీ జుట్టులో పెట్టుకునేవారు. అది చూసి నా భార్య ముఖం చిట్లించేది. "మట్టే గదా బిడ్డా, విషమా?" అనేవారు ఆవిడ.

అమీర్‌పేటలో, మెయిన్ రోడ్డుకు రెండు సందుల వెనక ఉండేది ఆ ఇల్లు. ముందు రెండు గదుల్లో కంప్యూటర్ సెంటరు, వెనక వాటాలో ఆవిడ, మేడ మీద నేనూ నా భార్యా. నేను మాసబ్ ట్యాంక్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసు లైబ్రరీలో పనిచేసేవాణ్ణి. కరెంటు స్తంభాలు కనిపించకుండా కోర్సుల కాగితాలు అంటించిన రోజులవి. తెల్లవారి ఆరున్నరకే మొదటి బ్యాచ్ మొదలయ్యేది. సంచీ తగిలించుకున్న కుర్రాళ్ళు, అమ్మాయిలు మా గేటు ముందు వరసగా నిలబడి, జావా గురించీ వీసా గురించీ మాట్లాడుకునేవాళ్ళు.

గేటు నుంచి మెట్ల దాకా గోడ వెంబడి మూడడుగుల వెడల్పు నేల వదిలి ఉండేది. టీచరమ్మ అందులో గులాబీ, మల్లె, చామంతి ఏదీ పెట్టలేదు. ఉన్నదంతా గులకరాళ్ళు కలిసిన ఎర్రమట్టి, దాన్ని అంటుకుని పాకే సన్నటి కొమ్మలు, నూగున్న చిన్న ఆకులు. ఆ ఆకుల మధ్య చొక్కా గుండీ కంటే చిన్న నీలి పువ్వులు. పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోయేవి. సాయంత్రం బ్యాచ్ వాళ్ళు ఏడాదంతా ఆ గేటులోంచి నడిచి, ఇక్కడ పువ్వులేం లేవనే అనుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

"ఏముందమ్మా ఆడ, గంత సేపు చూస్తున్నరు?" అని ఎవరైనా అడిగితే ఆవిడ ఒక్కటే మాట అనేవారు.

"వంగు."

వంగినవాళ్ళకు పువ్వు కనిపించేది. అప్పుడు వాళ్ళు పేరు అడిగేవాళ్ళు. ఆవిడ వెంటనే చెప్పేవారు కాదు. "పేరు చెప్తే చూసుడు ఆపేస్తరు. రేకులు ఎన్ని ఉన్నయో చెప్పు ముందుగాల" అనేవారు. అడుగున అన్నీ అతుక్కుని ఉంటాయి కాబట్టి ఒకడు ఒకటనేవాడు, ఒకడు అయిదనేవాడు. ఇద్దరినీ ఆవిడ మళ్ళీ వంగమనేవారు. ఇంటర్వ్యూకి ఆలస్యమవుతోందని ఒక అమ్మాయి విసుక్కుంటే, "నిన్ను ఆడ ఏం అడుగుతరో నాకు తెల్వదు గానీ, కండ్లతోని చూసింది చెప్పుడు వస్తే ఏడనైనా నౌకరి దొరుకుతది" అన్నారు. దొరికిందో లేదో నాకు తెలియదు. ఆ అమ్మాయి మాత్రం రేకులు లెక్కపెట్టి వెళ్ళింది.

ఆ మొక్క విష్ణుక్రాంతం. వినాయక చవితికి పెట్టే ఇరవయ్యొక్క పత్రుల్లో ఒకటి. ఆ సందులో చవితి పొద్దున్న జరిగే పని నేను మరెక్కడా చూడలేదు. ముందురోజు రాత్రో ఆ తెల్లవారో పంజాగుట్ట దగ్గర గోనెపట్టాల మీద పోసి అమ్మే పత్రి కట్టలు కొనుక్కొచ్చి, ఆడవాళ్ళందరూ స్టీలు పళ్ళేల్లో పెట్టుకుని టీచరమ్మ మెట్ల దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆవిడ కింది మెట్టు మీద కూర్చుని ఒక్కో కట్టా విప్పి, పరీక్ష పేపర్లు దిద్దినట్టు దిద్దేవారు.

"ఇది మాచిపత్రి, మంచిదే. ఇది ఉత్తరేణి. ఇది మారేడన్నడా? ఎవడమ్మా నీకు అమ్మింది? తీసెయ్. ఇగ ఇదేం గడ్డో ఆ గడ్డికే తెల్వదు."

విష్ణుక్రాంతం పేరుతో కట్టలో ఎప్పుడూ ఏదో కలుపు మొక్క ఉండేది. అది పక్కన పడేసి, తన పాదులోంచి గోటితో నాలుగు కొసలు గిల్లి పళ్ళెంలో వేసేవారు. మేం ఆ ఇంట్లో దిగిన మొదటి చవితికి నా భార్య ఉండబట్టలేక అడిగేసింది. "మీరు క్రైస్తవులు కదండీ. మీకేం పట్టింపు ఉండదా?"

"పూజ నీది బిడ్డా, దాంట్ల నేను వేలు పెట్ట. మొక్క సరైందా కాదా అన్నది నాది. తప్పు మొక్క పెట్టి కరెక్టు మంత్రం చదువుతుంటే నేను ఇంట్ల ఊకె ఎట్ల కూసుంట?"

కంప్యూటర్ సెంటర్ అతను జనగామ వైపువాడు. రెండు కంప్యూటర్లతో మొదలుపెట్టి పదహారుకు పెంచాడు. మాట పెద్దది, మనసు మంచిది. అతని ఇబ్బంది బళ్ళు. కుర్రాళ్ళ మోటార్ సైకిళ్ళు సందులో అడ్డంగా ఉండటంతో రోజూ ఎవరో ఒకరు వచ్చి గొడవ పెట్టుకునేవాళ్ళు. లోపల ఖాళీగా ఉన్నది ఆ మూడడుగుల నేల ఒక్కటే. ఎండాకాలంలో విష్ణుక్రాంతం పైకి పూర్తిగా ఎండిపోయి, గోధుమరంగు నారలాగా మిగిలేది. ఒక ఏప్రిల్‌లో అతను దాని పక్కన నిలబడి బేరం మొదలుపెట్టాడు. నేను ఆఫీసుకు బయలుదేరి మెట్లు దిగుతూ విన్నాను.

"అమ్మా, గిది సచ్చిన గడ్డి. దీన్ని పట్టుకోని ఎన్ని దినాలు కూసుంటవ్? జర సిమెంటు పోయిస్తే పది బండ్లు పడ్తయ్."

"ఇది బహువార్షిక గుల్మం తమ్మీ."

"అంటే?"

"పైన చస్తది, కింద బతుకుతది. వేరున్నదంటే మొక్క ఉన్నట్టే."

"నాకైతే కానొస్తలేదు."

"సరే. మొదటి పెద్ద వాన పడ్డంక పది రోజులు చూడు. ఒక్క చిగురన్న రాకపోతే నువ్వు సిమెంటు పోసుకో. నేను అడ్డం రాను."

"మాటేనా అమ్మా?"

"బోర్డు మీద రాసియ్యాల్నా?"

ఆవిడకు ఆ మాట ఇవ్వడంలో ఏ జంకూ లేదు. ఎన్నో ఏళ్ళుగా ప్రతి జూన్‌లోనూ చూస్తున్నదే.

మే నెలలో ఆవిడకు పంజాగుట్టలోని ఆసుపత్రిలో కంటి ఆపరేషన్ జరిగింది. తర్వాత మూడు వారాలు చెల్లెలి దగ్గర ఉండటానికి మెదక్ బయలుదేరారు. ఆటో ఎక్కే ముందు నన్ను పిలిచారు.

"లైబ్రరీ సారూ, నీకొక పని చెప్పి పోతున్న."

"చెప్పండి."

"ఆ పాదు దగ్గర ఏమీ చెయ్యకు."

"నీళ్ళు?"

"ఏమీ అంటే ఏమీ. ఇంత చదివినవ్, ఒక్క ముక్క అర్థం కాలేదా?"

నేను నవ్వి తలూపాను.

నేను గోదావరి కాలవ కింద ఊళ్ళో పుట్టినవాణ్ణి. మా వైపు మొక్క ఎండిందంటే దాహం వేసిందని అర్థం. చెంబెడు నీళ్ళు పోస్తాం. అది ఆలోచించి చేసే పని కాదు, చెయ్యి దానంతటదే చేస్తుంది. మూడు రోజులు ఓర్చుకున్నాను. రోజూ ఆఫీసుకు వెళ్తూ వస్తూ ఆ ఎండిన కొమ్మలు చూస్తుంటే, ఆవిడ తన మొండితనం కొద్దీ అలా అన్నారనిపించింది. పైగా మధ్యలో ఒక పందెం ఉంది. మొక్క పోతే పాదు పోతుంది. నాలుగో రోజు బియ్యం కడిగిన నీళ్ళు తీసుకెళ్ళి పోశాను. "పొయ్యండి, పాపం" అంది నా భార్య. ఆ ఎండల్లో మా సందుకు కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది, మిగతాది ట్యాంకరు. అయినా నేను స్నానానికి సగం బకెట్ తగ్గించుకుని పొద్దునా సాయంత్రం పాదు తడిపాను. ఆవిడ వచ్చేసరికి చిగుళ్ళు కనిపిస్తే అప్పుడు చెబుదామనుకున్నాను. నా మీద నాకే మంచి అభిప్రాయం కలిగిన రోజులవి.

జూన్ మొదట్లో పెద్ద వాన పడింది. రెండు రోజుల తర్వాత ఆవిడ నల్ల కళ్ళజోడు పెట్టుకుని దిగారు. అప్పటికే ఊరంతా తడి. నేను పోసిన నీళ్ళ ఆనవాలు ఎక్కడా లేదు.

రోజూ పొద్దున్న ఆవిడ పాదు ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవారు. వంగితే కంటికి మంచిది కాదని డాక్టర్లు చెప్పారు. అందుకని నన్ను పిలిచేవారు.

"లైబ్రరీ సారూ, నువ్వు వంగు. ఆకేమన్న కనిపిస్తున్నదా?"

"లేదండీ."

"గోడ పక్కన?"

"లేదండీ."

"మంచిది. ఇంకా టైమున్నది."

అయిదో రోజుకు "ఇంకా టైమున్నది" అనడం మానేశారు. ఏడో రోజు నేను లేదన్నాక కూడా కళ్ళజోడు పైకెత్తి స్వయంగా వంగబోయారు, నా భార్య వచ్చి ఆపింది. సెంటర్ అతను గుమ్మంలోంచి చూసేవాడు తప్ప ఏమీ అనలేదు. అతను వెక్కిరించినా బాగుండుననిపించేది. నీళ్ళు పోసిన సంగతి ఇవాళ చెబుదామని దిగేవాణ్ణి, వంగేవాణ్ణి, "లేదండీ" అని పైకి లేచి బస్సుకు వెళ్ళిపోయేవాణ్ణి. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. అందువల్లే అన్ని రోజులు నెట్టుకురాగలిగాను.

తొమ్మిదో రోజు నేను వంగి లేచాక ఆవిడ నాతో కాక, ఆ మట్టితో అన్నట్టు అన్నారు.

"ఎన్ని క్లాసులకు చెప్పిన్నో. వేరుంటే మొక్క ఉన్నట్టే అని బోర్డు మీద రాసి మరీ చెప్పిన. పిల్లలందరికీ తప్పు చెప్పిన్నేమో."

పాదు పోతుందని నేను భయపడ్డాను. ఆవిడ దగ్గర్నుంచి పోతున్నది పాదు కాదని అప్పుడు తెలిసింది. బస్సు సంగతి మర్చిపోయి మెట్టు మీద కూర్చున్నాను.

"నేను నీళ్ళు పోశానండీ" అన్నాను.

"ఏందీ?"

"మీరు ఊరెళ్ళాక. రోజూ రెండు పూటలా పోశాను."

ఆవిడ నా వైపు తిరిగారు. నల్ల అద్దాల వెనక కళ్ళు కనిపించలేదు. తిడతారని తల దించుకున్నాను.

"ఎన్ని రోజులు?"

"పదిహేను, పదహారు."

"ఎన్ని నీళ్ళు?"

"పూటకు సగం బకెట్."

"సబ్బు నీళ్ళా?"

"లేదండీ. బియ్యం కడిగినవి, మామూలువి."

"అరె, గడ్డపార తే" అన్నారు.

తెచ్చి తవ్వాను. వేళ్ళు నల్లగా ఉన్నాయి. పట్టుకుంటే తోలు ఊడి చేతిలోకి వచ్చింది, వాసన వేసింది. రెండోది తవ్వమన్నారు, మూడోది తవ్వమన్నారు. ప్రతి వేరూ నా చేతిలోంచి తీసుకుని, గోటితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. మూడోది చూశాక నవ్వడం మొదలుపెట్టారు. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళలో ఆవిడ అంత గట్టిగా నవ్వడం అదొక్కసారే విన్నాను.

"కుళ్ళింది! ఎండి చావలే, తడిసి చచ్చింది. ఎండాకాలం అది పండుకుంటది సారూ. పండుకున్నోన్ని లేపి రెండు పూటలా తాగిపిచ్చినవ్. చావక ఏంజేస్తది? నేను చెప్పింది కరెక్టే. మొత్తం కరెక్టే."

"టీచరు గారూ, కళ్ళు తుడుచుకోకండి, ఆపరేషన్ కళ్ళు" అని మేడ మీంచి నా భార్య కేకేసింది. ఆవిడ వినిపించుకోలేదు.

నవ్వు విని సెంటర్ అతను బయటికి వచ్చాడు. ఆవిడే అతనికి అంతా చెప్పారు, నా తప్పును ఏమాత్రం తగ్గించకుండా, పెంచకుండా. అతను నన్ను పైనుంచి కింద దాకా చూశాడు.

"నీళ్ళు లేక సచ్చుడు మా ఊర్ల మస్తు చూసిన సార్. నీళ్ళు పోసి సంపినోన్ని ఇప్పుడే చూస్తున్న. గోదావరోళ్ళతోని జర జాగ్రత్తగనే ఉండాలె."

తర్వాత ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, గిది లెక్కల్కి రాదు. తప్పు సారుది. ఈ వానకాలమంత ఆగుదాం. బండ్లది నేను చూసుకుంట, ఫికర్ చెయ్యకు."

"నేను మాటిచ్చింది మొక్క మీద తమ్మీ, సారు మీద కాదు. రాలే. రేపటితోని పది రోజులు. ఎల్లుండి మేస్త్రీని పిలువు."

"నువ్వే వద్దను అమ్మా, పిలువ."

"వద్దని ఎందుకంట? నా దగ్గర తప్పు లేదని తేలినంక నాకు ఇయ్యనీకి బాధ ఏమున్నది?"

మూడో రోజు సిమెంటు పోశారు. ఆవిడ ముక్కాలిపీట జరిపించి, మేస్త్రీ వాలు సరిగ్గా పెడుతున్నాడో లేదో చూస్తూ కూర్చున్నారు. ఆ వారమంతా నేను తల వంచుకుని గేటు దాటాను. ఆవిడ మాత్రం ఎప్పటిలాగే లైబ్రరీలో కొత్త పుస్తకాలేం వచ్చాయని అడిగారు.

చవితి వచ్చింది. ముందురోజు సాయంత్రం ఆడవాళ్ళు వచ్చి, ఈసారి విష్ణుక్రాంతం ఎలాగని అడిగారు. "పొద్దుగాల దొరుకుతది" అన్నారు ఆవిడ. తెల్లవారి ఆరింటికి మా తలుపు తట్టారు. "లైబ్రరీ సారూ, చెప్పులు తొడుక్కో."

ఎల్లారెడ్డిగూడ మీదుగా నడిచి శ్రీనగర్ కాలనీ వెనక బండరాళ్ళ ఖాళీ స్థలానికి వెళ్ళాం. ఇళ్ళు ఇంకా అక్కడిదాకా రాలేదు. ఆవిడ ఒక బండ మీద కూర్చుని, "వెతుకు" అన్నారు. పావుగంట తిరిగాను. రాళ్ళు, గడ్డి, ప్లాస్టిక్ కవర్లు తప్ప ఏమీ కనిపించలేదు.

"నిలబడి వెతుకుతున్నవ్."

మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఒక పువ్వు కనిపించింది. తర్వాత నా చుట్టూ, నేను తొక్కి వచ్చిన దారంతా అవే. పలచటి మట్టి, కింద బండ.

"ఇక్కడ ఎవరు నీళ్ళు పోసిన్రు?" అని అడిగారు ఆవిడ. అంతకుమించి ఆ విషయం మీద ఆవిడ నన్ను ఏనాడూ ఏమీ అనలేదు.

సందులో వాళ్ళకు కావలసినన్ని కొసలు మాత్రమే గిల్లించారు. చివరికి సంచీలోంచి పాత గరిట తీసి, ఒక చిన్న మొలకను గులకరాళ్ళతో సహా తవ్వించి, పగిలిన ప్లాస్టిక్ మగ్గులో పెట్టించారు. ఇల్లు చేరాక ఆ మగ్గు ఆవిడ గుమ్మంలో పెట్టబోయాను.

"అది నీది" అన్నారు.

"నాకెందుకండీ? నేను చంపినవాణ్ణి."

"అందుకే. మిగితోళ్ళకు నేను చెప్తే వింటరు. నువ్వు వేరును చేతిల పట్టుకోని చూసినవ్. ఈ సందుల దీని గురించి నాకంటే కొంచెం ఎక్కువ తెల్సినోడివి నువ్వొక్కడివే."

మేడ మీద పిట్టగోడ పక్కన కుండీలో పెట్టాను. ఆ శీతాకాలం పూసింది. మార్చి చివర ఆకులు రాల్చింది, ఏప్రిల్‌లో పూర్తిగా ఎండింది. "పోయిందండీ. కుండీ ఖాళీ చేస్తే కొత్తిమీర చల్లుకుంటాను" అంది నా భార్య. వద్దన్నాను. మేలో రెండు మూడుసార్లు చెంబు పట్టుకుని దాని దాకా వెళ్ళాను. వెళ్ళి, ఆ నీళ్ళు నా ముఖం మీద చల్లుకుని వెనక్కి వచ్చాను. ఆ రెండు నెలలూ టీచరమ్మ ఒక్కసారి కూడా మేడ ఎక్కలేదు. కుండీ ఎలా ఉందని అడగలేదు. రోజూ ఎదురుపడేవారు, బస్సు దొరికిందా అనేవారు, ఫలానా పుస్తకం తెచ్చావా అనేవారు. మొదట మర్చిపోయారనుకున్నాను. ఆవిడ ఏదీ మర్చిపోయే మనిషి కారు. ఏమీ చెయ్యొద్దని నాకు చెప్పిన పనిని ఆ ఎండాకాలం నా విషయంలో ఆవిడ కూడా చేస్తున్నారని నాకు జూన్ దాకా తట్టలేదు.

వాన పడిన ఏడో రోజు వంగి చూశాను. బియ్యపుగింజ పొడవున్న ఆకులు రెండు. కిందికి పరిగెత్తాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని, ముక్కు మీదికి జారిన కొత్త కళ్ళద్దాలతో బైబిలు చదువుకుంటున్నారు.

"వచ్చిందండీ."

వేలు పేజీలోనే ఉంచి తలెత్తారు. "ఎన్ని?"

"రెండు ఆకులు."

"పాత కొమ్మ మీదనా, కిందికెల్లా?"

"కిందినుంచే. మట్టిలోంచి."

"అట్లయితే వేరు మంచిగున్నది" అని మళ్ళీ పుస్తకంలోకి చూశారు. నేను మెట్లెక్కబోతుంటే వెనకనుంచి అన్నారు. "ఇగ పొయ్యి నీళ్ళు."

పైకి వెళ్ళి బకెట్లోంచి దోసెడు తీసుకుని పోశాను. రెండో దోసెడు ముంచాను. కాసేపు అలాగే ఆగి, దాన్ని మళ్ళీ బకెట్లోకే వదిలేశాను.